బ్రేకు వణుకు, నా రెండడుగుల పైపు

రాయదుర్గంలో నా షెడ్డు గురించి ఎవరినడిగినా ఒక మాట చెప్పేవాళ్లు: "మస్తాన్ బిగించిన నట్టు మస్తానే విప్పాల." నలభై ఏళ్లు ఆ మాటను మెచ్చుకోలు అనుకుని మీసం మెలేశాను. మోకాళ్లు అరిగిపోయి పని మానేశాక, ఇంటి అరుగు మీద తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే, పాపం వాళ్లంతా ఫిర్యాదు చేశారని అర్థమైంది.

కార్ల మరమ్మతు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని ఇంజన్లు విప్పానో, ఏ పెద్దమనిషి బండి నా దగ్గరికి వచ్చిందో రాయను. అలాంటివి విని ఎవరూ స్పానరు పట్టడం నేర్చుకోలేదు. ఒక పాత కారు గురించి రాస్తాను. బ్రేకు తొక్కితే అది వణికేది. ఆ వణుకు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. బుద్ధి ఉన్న మెకానిక్కుకు అది ఒక పూట పని.

ఉస్తాద్ ఇచ్చిన పైపు

నాకు పని నేర్పిన ఉస్తాద్ పేరు బాబయ్య. కోపం వస్తే తిట్టడు, చేతిలో పని ఆపి బీడీ వెలిగిస్తాడు. బీడీ అయిపోయేలోపు మన తప్పు మనమే కనుక్కోవాలి.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఒక జీపుకు చక్రం మార్చాను. ఆ జీపును విడపనకల్లులో అప్పగించడానికి ఇద్దరం బయల్దేరాం. ఉస్తాద్ తోలుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి ఒక చక్రం మా పక్క నుంచే దొర్లుకుంటూ ముందుకు పోయి మిరప చేలో పడింది.

"ఎవరిదో చక్రం పోతాండాది ఉస్తాద్," అన్నాను.

ఆ వెంటనే జీపు ఒక పక్కకు కూలబడింది. ఎవరిదో అప్పుడు తెలిసింది.

ఆ రోజు ఉస్తాద్ బీడీ కూడా వెలిగించలేదు. మరునాడు పొద్దున రెండడుగుల ఇనుప పైపు ఒకటి నా చేతిలో పెట్టాడు. "స్పానరుకు ఇది తొడిగి చేత్తో ఒక్క గుంజు గుంజు. ఇంగ నట్టు యాడికీ పోదు," అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అది జీపులకు, లారీలకు చెప్పిన మాట. పైగా ఆయన నలభై అయిదు కిలోల మనిషి. నేను పెళ్లయ్యాక తొంభై కిలోలకు చేరాను. చేత్తో గుంజితేనే అంత గట్టిగా ఉంటే, పైపు మీద కాలు పెట్టి మూడుసార్లు తొక్కితే ఇంకెంత గట్టిగా ఉంటుందని నా సొంత తెలివి కొంత కలిపాను. జీపని లేదు, కారని లేదు, నా షెడ్డులోంచి బయటికి పోయే ప్రతి చక్రానికీ మూడు తొక్కులు. అప్పుడప్పుడు నట్టు పట్టుకునే స్టడ్డు పుటుక్కున తెగేది. "ఈ కాలం ఇనుములో సత్తా లేదు," అని కంపెనీలను తిట్టి కొత్తది వేసేవాణ్ని.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్లైంది. ఆయన్ను తలుచుకుని మరీ తొక్కేవాణ్ని.

తిప్పేస్వామి కారు

తిప్పేస్వామిది కుందుర్పి. నాకంటే రెండేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన దగ్గర ఒక పాత డీజిల్ కారు ఉండేది. అప్పటికే ముగ్గురు యజమానులను చూసిన బండి. అందులో ఆయన రోగులను అనంతపురానికి, బళ్లారికి ఆసుపత్రులకు తీసుకుపోయేవాడు. కాన్పుకు పోయే ఆడవాళ్లు ఆయన బండే కావాలని అడిగేవాళ్లు. ఎందుకంటే ఆయన బ్రేకు వేస్తే బండి ఆగినట్టు తెలియదు. వెనక సీట్లో పడుకున్న మనిషి నిద్ర లేవకుండా ఆసుపత్రి గేటు ముందు ఆపడం ఆయనకు పెద్ద గర్వం. ఇంకే గొప్పా చెప్పుకునేవాడు కాదు.

ఒకరోజు వచ్చి, "ఏమప్పా మస్తానూ, ఎనభైలో పోతాండి బ్రేకు తొక్కితే పెడలు కాలి కింద వణుకుతాండాది. స్టీరింగు గూడా రొంత ఆడుతాండాది. తొక్కకుంటే ఏమీ ల్యా," అన్నాడు.

కొత్తవాళ్లు ఈ మాటను మరోసారి చదవండి. ఆయన రోగం పేరు చెప్పేశాడు. బ్రేకు తొక్కకపోయినా వణికితే టైర్లు చూడాలి. తొక్కినప్పుడే వణికితే బ్రేకు చూడాలి. స్టీరింగు ఆడితే ముందు చక్రాలు, సీటు కింద ఆడితే ఎక్కువగా వెనక చక్రాలు. ముప్పై ఏళ్లు బండి తోలిన మనిషి నాలుగు ముక్కల్లో అంతా చెప్పాడు. నేనేమో ఆయన మాట్లాడుతున్నంతసేపూ బండి చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తంతున్నాను. అలా తన్నితే పని తెలిసినవాడిలా కనిపిస్తామని ఒక నమ్మకం.

మొదటిసారి టైర్లు అటువి ఇటు మార్చి, బ్యాలెన్సు చేయించాను. రెండోసారి బ్రేకు ప్యాడ్లు మార్చాను. మూడోసారి ముందు చక్రాల డిస్కులు విప్పి లేతు మిషను మీద చెక్కించాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. దాన్ని రెండు పక్కలా ప్యాడ్లు పట్టుకుంటేనే బండి ఆగుతుంది. ఆ పళ్లెం మందం అంతటా ఒకేలా లేకపోతే పెడలు కాలిని తంతుంది. అంత దూరం బాగానే ఆలోచించాను.

ప్రతిసారీ పదిహేను రోజులు బండి చక్కగా ఉండేది. తర్వాత మళ్లీ వణుకు. ప్రతిసారీ చక్రాలు బిగించింది నేనే, మూడు తొక్కులు తొక్కిందీ నేనే. ఆ సంగతి నా తలకెక్కలేదు.

బండిని పరీక్షించడంలోనూ నా తెలివి చూడండి. తిప్పేస్వామిని షెడ్డులో కూర్చోబెట్టి, ఒక్కణ్నే బస్టాండు దాకా పోయి వచ్చేవాణ్ని. ఆ దారిలో జీన్స్ మూటల ఆటోలు, మేకలు, బడి పిల్లలు. నలభై దాటే వీలు లేదు. నలభైలో వణకలేదు కాబట్టి ఎనభైలోనూ వణకదని సర్టిఫికెట్ ఇచ్చి పంపేవాణ్ని.

నేను అన్న మాట

నాలుగోసారి వచ్చేసరికి నాకు విసుగు పుట్టింది. నిజానికి అది భయం. రోగం తెలియడం లేదు, తెలియదని చెప్పడానికి నోరు రావడం లేదు. ఇలాంటప్పుడు మా పనివాళ్లు మూడు మాటలు వాడతాం: బండి పాతది, రోడ్డు బాగాలేదు, తోలడం రాదు. మెకానిక్కు నోటి నుంచి ఈ మూడింటిలో ఏది విన్నా, వాడికి రోగం తెలియలేదని గుర్తుపెట్టుకోండి. అప్పటికి మొదటి రెండూ వాడేశాను.

షెడ్డు ఎదురుగా టీ అంగడి. బెంచీ మీద రోజూ కూర్చునే నలుగురు ఉన్నారు. తిప్పేస్వామి టీ గ్లాసు పట్టుకుని మళ్లీ పెడలు సంగతి ఎత్తాడు. నేను నలుగురికీ వినిపించేలా అన్నాను:

"తిప్పేసామన్నా, బండిలో ఏమీ ల్యా. మూడుసార్లు చూసినా. వణుకు బండిలో లేదు, నీ కాల్లో ఉండాది. వయసైపోయింది, ఇంగ తోలింది చాల్లే."

బెంచీ మీదవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తిప్పేస్వామి నవ్వలేదు, కోప్పడలేదు. వంగి తన కుడికాలి వైపు చూసుకున్నాడు. గ్లాసులో టీ సగం ఉండగానే పక్కన పెట్టి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి మా ఆవిడ ఫాతిమాకు గొప్పగా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నువ్వెప్పుడు డాక్టరైతివి? కారు అర్థంగాక మనిషికి రోగం అంటగడ్తివి," అంది. నాకు ఆడవాళ్లకు బండ్ల గురించి ఏం తెలుసులే అనిపించింది. ఈ కథలో సరైన మాట చెప్పిన వాళ్లలో ఆమె రెండోది. మొదటివాడు తిప్పేస్వామి. నేను ఇంకా వరసలోకి రాలేదు.

ముప్పై ఏళ్ల కాలు

ఆరు నెలల తర్వాత అదే కారు నా షెడ్డులోకి వచ్చింది. దిగింది తిప్పేస్వామి కాదు, ఆయన కూతురు రత్నమ్మ. మా ఊళ్లో జీన్స్ కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. కుందుర్పి నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్లను ఎక్కించుకుని తనే తోలుకుంటూ వస్తోందని అప్పుడే తెలిసింది.

"చిన్నాయనా, బ్రేకు తొక్కితే నా కాలు వణుకుతాండాది," అంది.

నేను అలవాటుగా టైరును తన్నబోయి కాలు వెనక్కి తీసుకున్నాను.

"నా కాలికి ముప్పై ఏండ్లు. దీనికి గూడా వయసైపాయనా?"

తండ్రి ఎలా ఉన్నాడని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. నా దగ్గర నుంచి పోయిన రోజు నుంచి ఆయన స్టీరింగు ముట్టలేదు. డాక్టరు చూసి కాలిలో ఏమీ లేదన్నాడు. ఆయన నమ్మలేదు.

"మస్తాను ఊరికే అనడు అంటాడు చిన్నాయనా. నేల మీద కాలు పెట్టి, వణుకుతాదేమోనని దాన్నే చూస్తా కుచ్చుంటాడు. కాన్పు కేసులోళ్లు వచ్చి బతిమాలినా పోడు. నా కాలు జారితే రెండు పానాలు పోతాయి, వేరే బండి చూసుకోండి అంటాడు. నువ్వు చెప్పిన మాటను నువ్వే తీసెయ్యల్ల. మేం చెప్తే ఇనడు."

ముప్పై ఏళ్లు ఒక్క గీత పడకుండా మనుషులను ఆసుపత్రికి చేర్చిన వాణ్ని, నాకు పని రాదని ఒప్పుకోలేక, ఇంట్లో కూర్చోబెట్టాను.

ఏడాదిలో మొదటిసారి, తోలే మనిషి పక్కన కూర్చున్నాను. ఊరు దాటి కళ్యాణదుర్గం దారిలో పల్లం వచ్చేదాకా పోయాం. ఎనభైకి వచ్చాక రత్నమ్మ బ్రేకు తొక్కింది. స్టీరింగు దడదడలాడింది. నా జేబులో కళ్లద్దాలు కూడా కొట్టుకున్నాయి. తొక్కడం మానగానే అంతా నిశ్శబ్దం. వాళ్ల నాన్న మొదటిరోజు చెప్పింది పొల్లుపోకుండా అదే.

షెడ్డుకు తెచ్చి ముందు చక్రాలు విప్పాను. డిస్కు ఆనుకునే చోట తుప్పు, దాని మీద మన ఎర్రమట్టి గట్టిపడి పొరగా ఉంది. ఇన్నిసార్లు విప్పినా దాన్ని గీకాలని నాకు తోచలేదు. ఇప్పుడు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకాను. పాత డిస్కులు మళ్లీ చెక్కేంత మందం లేవు. కొత్తవి తెప్పించాను. రెండు రోజులు రత్నమ్మ, తోటివాళ్లు బస్సులో వచ్చిపోయారు.

మూడో రోజు రత్నమ్మ షిఫ్టు దిగి వచ్చేసరికి కొత్త డిస్కు ఎక్కించి, చక్రం పెట్టి, నట్లు మామూలు స్పానరుతో పట్టించి ఉన్నాను. చక్రం ఇంకా జాకీ మీద గాల్లోనే ఉంది. ఈసారి అంతా సరిగా చేయాలని, లోపలి పక్క, చక్రంతో పాటు తిరగని చోట ఒక తీగ ముక్కను కట్టి దాని మొనను డిస్కుకు దగ్గరగా వంచాను. చక్రం తిప్పినప్పుడు మొనకూ డిస్కుకూ మధ్య సందు ఒకేలా ఉంటే డిస్కు తిన్నగా ఉన్నట్టు. నా మోకాళ్లు వంగవు కాబట్టి రత్నమ్మ ఫోను లైటు వేసి కిందికి వంగి, చేత్తో చక్రం తిప్పి చూసింది.

"సందు అంతా ఒగటే ఉండాది చిన్నాయనా."

"అయితే అయిపోయినట్టే పాపా," అన్నాను. పని ముగించడానికి పైపు తెచ్చాను. ఆమెను లేపి, చక్రం కదలకుండా జాకీ దించి, స్పానరుకు పైపు తొడిగి కాలు పెట్టి తొక్కాను. హుప్, హుప్, హుప్. నాలుగు నట్లకూ అయింది. చివరిసారి చూపించుకుందామని మళ్లీ జాకీ ఎత్తాను.

రత్నమ్మ చక్రం తిప్పింది. కిర్రుమని చప్పుడు. మళ్లీ తిప్పింది. తిరిగిన ప్రతిసారీ ఒకే చోట కిర్రు.

"తీగ తగులుతాండాది. నువ్వు తొక్కకముందు బాగుండె."

"కాదులే, సరిగా చూడు."

"నేను సరిగానే చూస్తాండా. నువ్వే సరిగా తొక్కల్యా. మా మిషన్లో దారం ఎక్కువ బిగిస్తే ఎంత మందం గుడ్డైనా ముడుచుకుంటాది. మొదటి రోజే చెప్తారు మాకు. నీకు ఎవురూ చెప్పల్యా?"

నట్లు వదులు చేసి, మళ్లీ మామూలు స్పానరుతోనే పట్టించి చూశాం. కిర్రు లేదు. పైపుతో తొక్కి చూశాం. కిర్రు వచ్చింది. పైపును గోడకు ఆనించి, దాని పక్కనే కూర్చున్నాను.

జరుగుతున్నది ఇదీ. చక్రానికీ ఇరుసుకూ మధ్య డిస్కు ఇరుక్కుని ఉంటుంది. కాలితో తొక్కితే నట్లన్నీ ఒకేలా బిగియవు. ఒక నట్టు మరీ బిగిసి పక్కది తక్కువ బిగిసి ఉంటే, డిస్కు వెంట్రుకవాసి వంగుతుంది. కంటికి తెలియదు. కానీ తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్లకు రాసుకుని, పదిహేను రోజుల్లో అక్కడ మందం తగ్గుతుంది. అప్పుడు బ్రేకు వణుకుతుంది. అంటే తప్పు కాల్లోనే ఉందని నేను అన్న మాట నిజమే. కాకపోతే ఆ కాలు నాది.

ఇంతకుముందు ఎన్ని బండ్లు ఇలా వణుకుతూ నా దగ్గరికి తిరిగి వచ్చాయో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టి, లెక్కకు వేళ్లు చాలక ఆపేశాను.

బిగింపును కొలిచే రెంచి ఒకటి ఎనిమిదేళ్లుగా నా షెడ్డులోనే ఉంది. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టేవాణ్ని. దుమ్ము తుడిచి తెచ్చాను. ఒక నట్టు, తర్వాత దానికి ఎదురు నట్టు, కొంచెం కొంచెంగా, చివరికి ఆ రెంచి టక్కుమనేదాకా. అంతే. అంత సులువుగా అయిపోతే నాకు పని చేసినట్టే అనిపించలేదు.

అన్న చోటే

పదిహేను రోజులు ఆగాను. వణుకు రాలేదు. నెల ఆగాను. రాలేదు. ఒక ఆదివారం రత్నమ్మ పక్కన కూర్చుని కుందుర్పికి పోయాను. దారి పొడవునా ఏం చెప్పాలో కట్టుకున్నాను. "చిన్న సాంకేతిక లోపం" అనే మాట ఒకటి బాగా నచ్చి నాలుగైదుసార్లు లోపలే పలికి చూసుకున్నాను.

తిప్పేస్వామి ఇంటి ముందు కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోతూ ముందు కాలి వంక చూసుకున్నాడు. అది చూశాక ఆ సాంకేతిక లోపం నా నోటికి రాలేదు.

"అన్నా, నీ కాల్లో ఏమీ ల్యా. తప్పు నాది. నట్లు నేనే చెడ బిగించినా," అన్నాను. పైపు, తీగ, కిర్రు, అంతా చెప్పాను.

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉంది. రెండో చెయ్యి మోకాలి మీద వేసుకుని అన్నాడు:

"ఆర్నెల్ల పైన ఈ కాలును తిట్టుకున్న్యా గదప్పా."

"తప్పైపోయింది అన్నా."

"ఈడ నాకొక్కనికి చెప్తే ఎట్ల? యాడ అంటివో ఆడనే అను. ఆ నలుగురూ ఉన్నప్పుడే అను."

రత్నమ్మ తాళం ఆయన చేతికిచ్చింది. ఆయన తీసుకోవడానికి కొంచెం తడబడ్డాడు. నేను పక్క సీట్లో, ఆమె వెనక. కుందుర్పి దాటేదాకా ముప్పైలోనే పోనిచ్చాడు. పల్లం దగ్గరికి వచ్చాక నా వైపు ఒకసారి చూసి, వేగం పెంచి, బ్రేకు తొక్కాడు. బండి మెత్తగా తగ్గింది. మళ్లీ వేగం పెంచి మళ్లీ తొక్కాడు. మూడోసారి కూడా. వెనక్కి తిరిగి చూస్తే రత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

టీ అంగడి బెంచీ మీద నలుగురూ ఉన్నారు. లేకపోతే బాగుండునని దారంతా కోరుకున్నాను. వాళ్ల ముందు నిలబడి, "తిప్పేసామన్న కాలు శానా బాగుండాది. ఆ పొద్దు నేను అన్న్యది తప్పు. బండిని చెడగొట్టింది నేనే," అన్నాను. బెంచీ పగలబడి నవ్వింది. ఈసారి తిప్పేస్వామి కూడా నవ్వాడు. ఆ రోజు టీ పూర్తిగా తాగాడు. అప్పటినుంచి ఊళ్లో నా పేరు పైపు మస్తాన్. పోయేటప్పుడు ఆయన పైపును అడిగి తీసుకుపోయాడు. ఇప్పుడు వాళ్ల ఇంటి వెనక దానికి బట్టలారేసే తీగ కట్టారు.

ఇంకొక్కటి

కొత్తవాళ్లకు చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. తోలే మనిషిని షెడ్డులో కూర్చోబెట్టి బండిని తీసుకుపోవద్దు, పక్కన కూర్చోండి. బాగుచేసిన బండి అదే రోగంతో రెండోసారి వస్తే, బండి కంటే ముందు మీ చేతులను చూసుకోండి. తెలియకపోతే తెలియదనండి. ఆ మాటకు ఎవరి పరువూ పోలేదు. చెప్పనందుకు నాది పోయింది.

ఇప్పుడు నాకు చేయి వణుకుతోంది. నిజంగానే. డాక్టరు రోగం పేరు కూడా చెప్పాడు, మందులు రాశాడు. నెలకోసారి అనంతపురం పోవాలి. తిప్పేస్వామే తీసుకుపోతాడు, అదే కారులో. పోయిన నెల ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో టీ కోసం ఆపాం. బండిలోనే కూర్చుని తాగుతున్నాం. నా చేతిలో గ్లాసు వణికి, టీ పంచె మీద ఒలికింది. ఆయన చూశాడు. నేను సిగ్గుపడి గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను.

"నీ చెయ్యి గాదులే మస్తానూ," అన్నాడు. "బండే వణుకుతాండాది. యాడో నట్టు ఎక్కువ బిగిసింటాది, రేపు చూపిస్తా."

ఇంజను ఆపి అప్పటికి పది నిమిషాలైంది.